గురువారాలు లెక్కపెట్టిన సిస్టరమ్మ

నిన్న మా వార్డులో ఇల్లిల్లూ తిరుగుతూ ఒక అమ్మాయికి ఐరన్ గోళీల పట్టీ ఇస్తుంటే రేకు చిరిగి ఒక గోళీ నా అరచేతిలో పడింది. సూర్యాపేటలో అప్పుడే జల్లు పడి ఆగింది. తడి చేతికి ఎర్ర రంగు అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే, వానలో మరిచిపోయిన పార వాసన వచ్చింది. ఆ అమ్మాయి మొహం చిట్లించింది కానీ నాకు మాత్రం ఆ వాసన ఇష్టం. అది తగిలితే చాలు, మిర్యాలగూడలో రైస్ మిల్లుల వెనక ఉన్న మా పాత వీధి, ఆ వీధిలో నీలం తలుపు ఇల్లు, ఆ ఇంటి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న రాహేలమ్మ గారు కళ్ళ ముందుకు వస్తారు.

ఆమె నర్సుగా రిటైరైన మనిషి. మోతె దగ్గర కొన్నేళ్ళు, హుజూర్‌నగర్ చుట్టుపక్కల పల్లెల్లో కొన్నేళ్ళు, ఉద్యోగమంతా సూదిమందుల పెట్టె భుజాన వేసుకుని పొలాల గట్ల మీద నడిచారు. భర్త పోయాక మిర్యాలగూడలో చిన్న ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. పిల్లలు కలగలేదు. వీధిలో పెద్దా చిన్నా అందరూ ఆమెను సిస్టరమ్మ అనేవారు. మా అత్తమ్మ ఒక్కతే రాహేలక్కా అని పిలిచేది. నేను ఆ వీధికి కోడలిగా వచ్చి అప్పటికి ఏడాదైనా కాలేదు.

నా గురించి ఒక మాట చెప్పాలి. ఇంటర్ తర్వాత నా చదువు ఆగింది. అయితే ఆగింది కాలేజీ చదువే. కోదాడలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల గ్రంథాలయం ఉండేది. మూడేళ్ళపాటు ప్రతి మధ్యాహ్నం అక్కడే కూర్చున్నాను. చరిత్ర, గ్రహాలు, చేపల పెంపకం, గుండె జబ్బులు, ఏది చేతికందితే అది చదివాను. లైబ్రేరియన్ గారు తలుపులు మూయబోతూ “అమ్మాయ్, పుస్తకం నిన్నేం వదిలిపెట్టి పోదు గానీ, ఇక లే” అనేవారు. నాకు తెలిసినంత మా చుట్టాల్లో ఎవరికీ తెలియదన్న గర్వం అప్పట్లో నిండుగా ఉండేది. ఇప్పటికీ కొంచెం ఉంది, దాచడం ఎందుకు.

పెళ్ళయిన కొద్ది నెలలకు నెల తప్పింది. అంతకు ముందే, దసరాకు పుట్టింటికి వెళ్ళినప్పుడు, రేపో మాపో పనికొస్తుందని, కడుపులో బిడ్డ ఎదుగుదల గురించిన ఒక పుస్తకంలోంచి వారం వారం ఏం జరుగుతుందో ఒక నోటుబుక్కులో ఎక్కించుకుని వచ్చాను. ఇరవయ్యో వారం అన్న చోట రెండు గీతలు కొట్టి పెట్టుకున్నాను. అది సగం దారి. బిడ్డ జానెడు దాటుతుంది. ఒంటి మీద సన్నటి నూగు, దాని మీద వెన్నలాంటి తెల్లటి పూత. చేతివేళ్ళ మీద గీతలు. తల్లికి గర్భసంచి బొడ్డు దాకా పెరుగుతుంది. ఆఖరున, “తల్లికి బిడ్డ కదలికలు తెలుస్తాయి” అని ఉంది.

మూడో నెల పడగానే ఆసుపత్రిలో పేరు రాయించుకోవడానికి అత్తమ్మతో వెళ్ళాను. ఆఖరిసారి బయట చేరింది ఏ తేదీన అని అక్కడి నర్సు అడిగింది. నాకు గుర్తు లేదు. తెలియదు అనడానికి నోరు రాలేదు. నా వెనక వరుసలో ఉన్న ఆడవాళ్ళంతా వింటున్నారు. మూడో నెల కదా, నెలకు నాలుగు వారాలు, మొత్తం పన్నెండు అని మనసులో లెక్క వేసి, పన్నెండు వారాలు వెనక్కి పోయి ఒక తేదీ గడగడా చెప్పేశాను. “శాబాష్, తేదీ ఇంత సాఫ్‌గా చెప్పేటోళ్ళు తక్కువ” అని ఆమె కార్డు మీద రాసుకుంది. ఒక స్కాన్ కూడా చేయించుకోమని చీటీ ఇచ్చింది. అవి వానాకాలం వడ్లు మిల్లులకు వచ్చే రోజులు. మా ఆయన మిల్లులో మెకానిక్కు, అన్నానికి కూడా ఇంటికి వచ్చేవాడు కాదు. స్కాన్ ఇవాళా రేపూ అంటూ అట్లాగే వెనక పడిపోయింది.

సంక్రాంతి వెళ్ళి చాలా రోజులయ్యాక ఒక పొద్దున అత్తమ్మ “ఐదో నెల పడ్డది పిల్లా, ఇగ బరువులు లేపకు” అంది. కార్డు చూసుకున్నాను. ఇరవై వారాలు. ఆ రోజు నుంచి నాకు మరో పని లేదు. కూరగాయలు తరుగుతూ ఆగేదాన్ని. బట్టలు ఆరేస్తూ ఆగేదాన్ని. ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. కడుపులో ఏ కదలికా లేదు. ఇరవై ఒకటో వారం కూడా వచ్చింది. పుస్తకంలో రాసింది నా కడుపులో జరగడం లేదంటే దానికి నాకు ఒకటే అర్థం తోచింది. ఆ మాట మా ఆయనకు చెప్పలేదు, అత్తమ్మకు చెప్పలేదు. చెబితే నిజమైపోతుందేమోనన్న భయం. కంచంలో అన్నం సగం అట్లాగే వదిలేసేదాన్ని.

ఆ మధ్యాహ్నం అత్తమ్మ చాటలో బియ్యం చెరుగుతుంటే, పక్కింటికి మజ్జిగ ఇచ్చి వస్తానని చెప్పి సిస్టరమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

“రా బిడ్డా. మొకమేంది గట్ల పీక్కపోయింది?”

“ఏం లేదండి. ఊరికే వచ్చానండి.”

“కోదాడ పిల్లవు, ఒక్క ముచ్చటకు రెండు సార్లు ‘అండి’ అన్నవంటే ఏదో దాస్తున్నట్టే. కూసో. సెప్పు.”

చెప్పాను. చెబుతుంటే ఏడుపు ఆగలేదు. ఆమె ఒలుస్తున్న కాయ పక్కన పెట్టి విన్నారు. నేను ముగించాక చిక్కుడు తొక్కలు ఒక పక్కకు నెట్టి, “ముందుగాల ఒంటికి పోయి రా. తర్వాత లోపల మంచం మీద పండుకో” అన్నారు.

రెండు చేతులూ రుద్దుకుని వేడి చేసుకున్నాకే నా పొట్ట మీద చేయి వేశారు. చేతి అంచుతో పైనుంచి మెల్లగా కిందికి దిగుతూ ఒక చోట ఆగారు. బొడ్డుకు ఆ చోటుకు మధ్య వేళ్ళు పెట్టి చూశారు. రెండు వేళ్ళు పట్టాయి.

“బొడ్డు దాకా రావాలి కదండి? ఇరవై ఒకటి అంటే బొడ్డు దాటాలి. ఎదగడం లేదా?”

“ఇరవై ఒకటని ఎవరు సెప్పిన్రు?”

“నేనే లెక్కపెట్టానండి.”

గోడకు ఉన్న గూట్లో కాన్పుల నాటి అల్యూమినియం గొట్టం ఒకటి ఉండేది, బిడ్డ గుండె చప్పుడు వినేది. నేను దాని వైపు చూశాను. ఒక్కసారి పెట్టి వినమని బతిమాలాను. ఆమె తల అడ్డంగా ఊపారు. “పెట్టను. ఈ ఎత్తు కడుపుల గొట్టం పెడితే మంచిగున్న బిడ్డది గూడ ఇనపడదు. నాకు ఇనపడలేదంటే నువ్వు ఈడనే కూలబడతవ్. ఇనపడ్డదని అబద్ధం ఆడుడు నాకు రాదు.” ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాట తలుచుకుంటే ఆమె మీద నాకు గౌరవం పెరుగుతుంది. నా భయం తీర్చడానికి ఆ క్షణంలో అబద్ధం ఎంత తేలికో నాకు తెలుసు. నేను అట్లాంటి తేలిక అబద్ధంతోనే కదా కార్డు నింపించింది.

తర్వాత ఆమె తేదీ అడగలేదు. “సద్దుల బతుకమ్మ నాడు ఏడున్నవ్?” అని అడిగారు.

“కోదాడలో. మా అమ్మ వాళ్ళింట్లో.”

“బతుకమ్మ పేర్చినవా?”

ఒక్క క్షణం ఆలోచించాను. లేదు. ఆ ఏడాది నేను పేర్చలేదు. తంగేడు పూలు, గునుగు పూలు ఇంటి నిండా రాశులు పోసి ఉంటే, నేను దూరంగా గుమ్మం పక్కన కూర్చున్నాను. మా చెల్లెలు వంకరగా పేరుస్తుంటే దూరం నుంచే “ఎడమ పక్క ఎత్తయిందే” అని అరుస్తున్నాను. పూలు ముట్టుకోవద్దని అమ్మ కసిరింది. ఎందుకంటే ఆ పొద్దునే నేను బయట చేరాను. ఆ తర్వాత మళ్ళీ చేరలేదు.

సిస్టరమ్మ నవ్వారు. “నేను జీతం తిన్నన్ని దినాలు ఏ ఆడమనిషిని తేదీ అడగలే. అడిగితే భయానికి ఏదో ఒకటి సెప్తరు. పండుగ అడిగితే అబద్ధం రాదు. పెద్ద పండుగ నాడు ముట్టుకోకుండ కూసున్నది ఎవ్వలూ మర్సిపోరు. నేను చర్చికి పోయేదాన్నే గానీ మీ పండుగలన్నీ నాకు నోటికొస్తయి, నా డ్యూటీకి గవే కావాలె.”

ఆ ఇంట్లో ఒకే మేకుకు పాత క్యాలెండర్ మీద కొత్త క్యాలెండర్ తగిలించే అలవాటు. రెండూ దించి నా ఒళ్ళో వేశారు. ఆ సద్దుల బతుకమ్మ గురువారం నాడు వచ్చింది. “ఆ గురువారం ఇడిసిపెట్టు. దాని తర్వాతదాన్ని ఒకటి అను. ఇగ నెలల ముచ్చట ఎత్తకు, గురువారాలు లెక్కపెట్టు” అన్నారు. వేలు పెట్టి ఒక్కొక్క నిలువు వరుస దిగుతూ వచ్చాను. పాత క్యాలెండర్ అయిపోయి కొత్తదానిలోకి వచ్చాను. ఆ వారం గురువారం దగ్గర ఆగేసరికి పద్దెనిమిది అయ్యాయి. మళ్ళీ లెక్కపెట్టాను. పద్దెనిమిదే.

నా తప్పు అప్పుడు తెలిసింది. మన ఇళ్ళల్లో నెల మొదలు కాగానే దాన్ని కలిపేసి చెబుతాం. ఐదో నెల పడింది అంటే నిండినవి నాలుగే. పైగా నెలకు నాలుగు వారాలే అని నేను పట్టుకున్నాను, మీద మిగిలే రెండు మూడు రోజులను వదిలేశాను. అత్తమ్మ లెక్క అత్తమ్మకు సరిపోయింది, పుస్తకం లెక్క పుస్తకానికి సరిపోయింది. రెండింటినీ కలిపి గుణించింది నేను.

“అయితే బిడ్డ బాగున్నట్టేనా సిస్టరమ్మా?”

“నా చేతి ఏళ్ళు బాగనే ఉన్నదంటున్నయి. నా ఏళ్ళను నమ్మి ఇంట్ల కూసోకు. రేపు స్కాన్‌కు పోదాం. నేను గూడ వస్త.”

అత్తమ్మకు విషయం చెప్పింది ఆమే. మా ఇంటికి వచ్చి, అందరి ముందు నా కింది కనురెప్ప లాగి చూశారు. “నెత్తురు లేదు. గోళీలు మింగుతున్నవా?” అన్నారు. రోజూ పొద్దున ఛాయ్‌తో పాటే వేసుకుంటున్నానని గర్వంగా చెప్పాను. ఆమె నెత్తి కొట్టుకున్నారు. “గంత సదివినవ్, ఛాయ్‌తోటి మింగితే గోళీ బలం ఒంటికి పట్టదని ఏ పుస్తకంల లేదా? ఇగనుంచి నిమ్మకాయ నీళ్ళతోటి మింగు. ఛాయ్ రెండు గంటలు ఆగినంక తాగు.” ఇప్పుడు ఒంట్లో నెత్తురు పెరుగుతుందని, పెరిగేదాంట్లో నీళ్ళ పాలు ఎక్కువ కాబట్టి పలచబడుతుందని, అందుకే మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుందని చెప్పారు. పులుసులో నీళ్ళు పోసి మరిగిస్తూ ఉప్పు మరిచిపోయినట్టు అన్నారు. నా నోటుబుక్కులో అదే సంగతి ఒక పేజీ ఉంది. నాకు అర్థమైంది మాత్రం ఆ పులుసు మాటతోనే.

అత్తమ్మ గొణిగింది. “రాహేలక్కా, గా గోళీలు మింగితే బిడ్డ నల్లగ పుడతదంటరు గదనే.”

“నీ కొడుకును కడుపుల పెట్టుకున్ననాడు నువ్వు ఒక్క గోళీ మింగలే గదా?”

“మింగలే.”

“మరి వాడేంది గంత నల్లగున్నడు?”

గడపలో చెప్పులు విప్పుతున్న మా ఆయన అట్లాగే ఆగిపోయాడు. అత్తమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. వారం రోజుల తర్వాత నేను నవ్వింది అప్పుడే.

మర్నాడు స్కాన్ గదిలో సిస్టరమ్మ నా తల దగ్గర నిలబడ్డారు. పొట్ట మీద చల్లటి జిగురు రాశారు. డాక్టరమ్మ తెర నా వైపు తిప్పింది. మొదట బూడిద రంగు మేఘాలు తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత మేఘాల మధ్య ఒక చోట చిన్న మెరుపు, ఆగకుండా కొట్టుకుంటోంది. “గుండె” అంది డాక్టరమ్మ. సిస్టరమ్మ నా భుజం గట్టిగా పట్టుకున్నారు. అంతలో తెర మీద ఒక కాలు చాచుకుని తన్నింది. నా కళ్ళతో చూశాను. నా కడుపులో నాకేమీ తెలియలేదు. మళ్ళీ తన్నింది. మళ్ళీ తెలియలేదు. నా బిడ్డ నాలోనే అట్లా ఆడుకుంటూ ఉంటే, నేను వారం రోజులుగా ఏం ఊహించుకుని ఏడ్చానో తలుచుకుని కళ్ళు మూసుకున్నాను.

కొలతలు పద్దెనిమిది వారాలకు సరిపోయాయి. మాయ ముందువైపు అంటుకుని ఉందని డాక్టరమ్మ చెప్పింది. బయటికి వచ్చాక సిస్టరమ్మ ఆ మాట విడమరిచారు. “బొంత అడ్డం పెట్టి గోడను తన్నినట్టు. లోపల ఎంత తన్నినా నీకు జర ఆలస్యంగ తెలుస్తది. తొలిసూరుకు ఎట్లయినా ఆలస్యమే.” రెండు వారాలు ఆగి అవయవాలన్నీ వివరంగా చూసే స్కాన్‌కు మళ్ళీ రమ్మన్నారు. నా లెక్క ప్రకారం ఆ గడువు దాటిపోతోందని నేను బెంగపడ్డాను, నిజానికి అది అప్పుడే దగ్గరికి వస్తోంది.

అంతటితో ఆమె నన్ను వదల్లేదు. ఆటో ఎక్కబోతుంటే ఆపి, కార్డు మీద తేదీ దిద్దించుకు రమ్మన్నారు. నేను నసిగాను. ఆ నర్సుకు మీరే చెప్పండి అన్నాను. “తేదీ సెప్పింది నువ్వు. దిద్దించేది గూడ నువ్వే. ఈ తప్పు తేదీ ఇట్లనే ఉంటే కాన్పు టైముకు దినాలు దాటినయని పరేషాన్ అయితరు. ఇంక మూడు వారాలు లోపల ఉండాల్సిన బిడ్డను తొందరపడి బయటకు తీస్తరు. నీ సిగ్గు ఎక్కువా, బిడ్డ ఊపిరితిత్తులు ఎక్కువా?” అన్నారు. వెళ్ళాను. ఆ వరుసలో ఆడవాళ్ళందరి ముందూ “ఆ రోజు నాకు తేదీ తెలియదక్కా, తెలిసినట్టు చెప్పాను” అన్నాను. ఎవరూ నవ్వలేదు. నర్సు కొట్టివేసి కొత్త తేదీ రాసింది. నా వెనక ఉన్న ఒకామె మాత్రం “నాది గూడ అందాజగనే సెప్పిన, మళ్ళ అడగవా సిస్టర్” అంది.

ఆ తర్వాత నెల రోజులు నా జీవితంలో మంచి రోజులు. ప్రతి మధ్యాహ్నం నోటుబుక్కు తీసుకుని నీలం తలుపు ఇంటికి వెళ్ళేదాన్ని. ఆమె అడిగేవారు: “ఈ వారం ఏముంది, సదువు.” నేను చదివేదాన్ని, ఆమె కళ్ళు మూసుకుని వినేవారు. బిడ్డ ఉమ్మనీరు మింగుతుందని, నిద్రపోయి లేస్తుందని, బయటి గొంతులు ఇక మెల్లమెల్లగా వినిపిస్తాయని చదివాను. తెల్లటి పూత దగ్గరికి వచ్చేసరికి ఆమె కళ్ళు తెరిచారు. “గా వెన్న ఐదో నెలల్నే పడ్తదా? ఎన్ని వందల బిడ్డలకు ఈ చేతులతోని తుడిసిన! ఎప్పుడు పడ్తదో ఒక్కనాడు ఎవ్వలూ సెప్పలే, నేను అడగలే” అన్నారు. రెండుసార్లు చదివించుకున్నారు. నాకంటే ముప్ఫై నలభై ఏళ్ళు పెద్దామె, ఉద్యోగం ముగిసిపోయిన మనిషి, ఇంకా తెలుసుకోవడానికి అంత ఇష్టపడటం చూశాక నా గర్వానికి కొత్త దారి దొరికింది. తెలిసినందుకు కాక, అడిగినందుకు గర్వపడవచ్చని తెలిసింది. నా పొట్ట మీద నల్లటి గీత ఒకటి మొలిస్తే భయపడకుండా ఆమెకు చూపించాను. తటాలున లేచినప్పుడు గజ్జల్లో పట్టుకునే నొప్పి గురించి అడిగాను. పక్కకు తిరిగి, చేయి ఆనించి లేవడం ఆమే నేర్పారు.

ఇరవై ఒకటో గురువారం అయిన మర్నాడు. అరుగు మీద కూర్చుని చదువుతున్నాను. వాక్యం మధ్యలో ఆగిపోయాను. పొట్టలో, కింద ఎడమ పక్క, ఏదో అయింది. ఆగాను. మళ్ళీ అయింది.

“సిస్టరమ్మా” అన్నాను. నోటుబుక్కు దించి పొట్ట మీద చేయి పెట్టుకున్నాను.

ఆమెకు అర్థమైంది. చేయి చాపి నా పొట్ట మీద పెట్టబోయి, మధ్యలో ఆపుకున్నారు. బయటి చేతికి ఇంకా తెలియదని ఆమెకు తెలుసు. నా మొహంలోకి చూస్తూ, నేను ఎప్పుడూ వినని చిన్న గొంతుతో అడిగారు. “ఎట్లున్నది బిడ్డా? ఏ తీరుగున్నది, జర సెప్పు.”

నేను నోరు తెరిచాను. అన్ని పుస్తకాలు చదివిన నాకు ఒక్క మాట దొరకలేదు.

“నేను అందరినీ అడుగుత” అన్నారామె. “నాకైతే కాలేదాయె. ఒకామె కడుపుల వాతం మెదిలినట్టు అన్నది. వాడపల్లి దిక్కు ఒకామె, కృష్ణల కాళ్ళు పెట్టి కూసుంటే సేపపిల్ల తాకి పోయినట్టు అన్నది. మోతెల ఒక ముసలామె, ఎనిమిది మందిని కన్నది, గా తీరు నాకు ప్రతిసారి కొత్తనే అన్నది. ఒక్కలు సెప్పింది ఇంకొకలు సెప్పలే. నువ్వు నిమ్మళంగ సెప్పు. తొందరలేదు.”

ఎట్లా చెప్పాలో నాకు తెలియడం లేదు సిస్టరమ్మా అన్నాను. ఆమె తల ఊపి, “మంచిది, తెల్వదు అన్నవ్ సూడు, అదే నిజం” అని చిక్కుడుకాయల గిన్నె దగ్గరికి లాక్కున్నారు. మా పాప జూలైలో నెలలు నిండి, మూడు కిలోలకు కొంచెం తక్కువగా, మంచి రంగుతో పుట్టింది. అత్తమ్మ ఆ రంగును నిమ్మకాయ నీళ్ళ ఖాతాలో వేసింది.

రాహేలమ్మ గారు పోయి ఇప్పటికి మూడేళ్ళు. మేము సూర్యాపేటకు మారాక, నేను ఆశా కార్యకర్తగా చేరాక, ఒక్కసారే ఇక్కడికి వచ్చారు. ఇప్పుడు మా వార్డులో ఎవరికైనా సగం నెలలు దాటాయంటే, గోళీలు మింగారా, స్కాన్ అయిందా అన్నీ అడిగి రాసుకున్నాక, పుస్తకం మూసి పక్కన పెట్టి ఒక ప్రశ్న అడుగుతాను. మొదటిసారి కదిలినప్పుడు ఎట్లా ఉంది అని. ఒక అమ్మాయి ఫోన్ వణికినట్టు అంది. ఒకామె ఎక్కిళ్ళలాగా అంది. కోదాడ నుంచి వచ్చిన ఒక టీచరమ్మ, లోపలి నుంచి ఎవరో చిటికె వేశారండి అంది. కొందరు సిగ్గుపడి నవ్వేస్తారు. నేను తొందరపెట్టను. ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క మాట తీసుకుని వీధి దాటుతాను. ఆ మాటలన్నీ ఆమెకు చెప్పాల్సినవి.